జాజు కింద దాచిన బిళ్ళలు

ఎనభై ఎనిమిది ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున, లారీ వెనక తలుపు మీద "హారన్" అని రాసి రెండో మాటకు కుంచె ముంచుతుంటే, ఎడమ కనుబొమ మీద ఎవరో వేడి టీ పోసినట్టు మండింది. తడిమి చూసుకున్నాను. ఏమీ లేదు. ఎండ దెబ్బ అనుకున్నాను. మా నకరికల్లులో ఆ నెలలో ఏ రోగం వచ్చినా మొదటి అనుమానం ఎండ మీదే. సగం సార్లు అది నిజమే అవుతుంది కూడా.

నా పేరు మస్తాన్. అప్పటికి ఇరవై రెండేళ్ళు. లారీల మీద నంబర్లు, ఓనర్ల పిల్లల పేర్లు, పువ్వులు రాసి బతుకుతాను. అడిగితే డేగను కూడా వేస్తాను. నా డేగను చిలక అనుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నాకు మాటల్లేవు. చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రం, రాయడం మాత్రం బాగా వచ్చు. నంబరు ప్లేట్లకు అంతకంటే అవసరం లేదు.

రెండు రోజులు సగం తల మాత్రమే నొప్పి పెట్టింది. మూడో రోజు పొద్దున లేచేసరికి కనుబొమ నుంచి జుట్టులోకి నీటి పొక్కులు వరసగా లేచి ఉన్నాయి. ముక్కు చివర ఒకటి, దిష్టిచుక్కలాగా. అమ్మ చూసి గుమ్మంలోనే కూలబడింది.

"సర్పిరా అయ్యా! తలా తోకా కలిస్తే మనిషి దక్కడంట్రా!"

"సగం మొహానికే ఆగింది గదమ్మా. తోక పెట్టుకోడానికి చోటేది దానికి?"

"నీ నోట్లో మన్ను పొయ్య! నవ్వులాటగా ఉందా నీకు?"

మన్ను నోట్లో పడలేదు గాని మొహం మీద పడింది. మా వీధి చివరి సుబ్బమ్మ పెద్దమ్మ సర్పికి జాజు పూస్తుంది. జాజు అంటే గోడలకు అలికే ఎర్రమన్ను. దాన్ని నీళ్ళలో కలిపి, పొక్కుల చుట్టూ గీత గీసి, లోపల దట్టంగా మెత్తింది. నేను రంగులవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అంచు చాలా నీటుగా వచ్చింది. మంట మాత్రం అలాగే ఉంది.

సాయంత్రానికి ఎడమ కన్ను ఎర్రబడింది. ఊళ్ళో సూది మందు వేసే ఆయన నన్ను చూసి సూది తియ్యకుండానే "గుంటూరు పో" అన్నాడు. ఆయన సూది తియ్యలేదంటే సంగతి పెద్దదే.

గుంటూరు కంటి డాక్టరు నా ముక్కు చివరి పొక్కును వేలితో చూపించాడు. "ముక్కు కొసకు వచ్చే నరం, కంటికి వచ్చే నరం ఒకటే. ఇది హెర్పిస్ జోస్టర్. కార్నియా మీదికి వస్తే చూపు పోతుంది. ఎసైక్లోవిర్ అని కొత్త మందు వచ్చింది. ఒకేసారి నాలుగు బిళ్ళలు, రోజుకు ఐదు సార్లు, పది రోజులు. ఒక్క పూట కూడా తప్పకూడదు. నీళ్ళు బాగా తాగాలి, కడివెడు తాగినా తప్పులేదు." కంట్లో చుక్కల మందు కూడా రాసి, కన్ను మూసి కట్టాడు.

రోజుకు ఇరవై బిళ్ళలు. మా ఇంట్లో అంతకుముందు అందరూ కలిసి అన్ని బిళ్ళలు మింగలేదు. అమ్మ బిళ్ళలన్నిటినీ రేకుల్లోంచి ఒలిచి వక్కపొడి డబ్బాలో పోసింది, పూటకు నాలుగు చొప్పున తీయడం తేలికని. ఖాళీ రేకులు పొయ్యిలోకి పోయాయి. జాజు కూడా మానలేదు. కొత్త మందుకు తోడుగా పాత మందు ఉండాలని ఆమె లెక్క.

అయిదో రోజుకు పొక్కులు మాడడం మొదలైంది. ఇంట్లో పడుకోమన్నారు. ఒక లారీ నంబరు ప్లేటు కోసం నాలుగు రోజులుగా ఆగి ఉంది. ఒక కన్ను పనిచేస్తుంటే చాలదా అని కుంచె పట్టుకుని వెళ్ళాను. రాయడానికి ఒక కన్ను చాలింది. స్టూలు దిగడానికి చాలలేదు. ఒంటి కంటికి దూరం తెలియదు. స్టూలు మెట్టు ఉన్న చోటికి జానెడు పక్కన అడుగు వేసి, కుడి చెయ్యి కింద పెట్టి పడ్డాను. టక్ మని రెండు సార్లు వినిపించింది. ఒకటి స్టూలేమో అని కాసేపు ఆశ పడ్డాను.

నరసరావుపేటలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "రేడియస్, అల్నా, ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ప్లేట్లు వేసి బిగించాలి. ఏం పని చేస్తావు?" అన్నాడు.

"లారీల మీద అక్షరాలు రాస్తానండీ."

"కుడి చేత్తోనా?"

"ఇప్పటిదాకా."

అమ్మతో పాటు మా మేనత్త బీబమ్మ కూడా వచ్చింది. నాన్న లారీ మీద బొంబాయి లైన్లో ఉన్నాడు. నాన్న లేనప్పుడు ఇంట్లో సుప్రీంకోర్టు మా అత్తే. హాస్పిటల్ మెట్ల మీదే తీర్పు ఇచ్చింది. "వదినా, ఆ గుంటూరు డాక్టరు మాట ఈడ ఎత్తమాక. ఒక డాక్టరు దగ్గర ఇంకో డాక్టరు మందు పేరు చెబితే, ఆయన దగ్గరికే పొమ్మని తరిమిద్దారు."

ఇది మా అత్త ఒక్కదాని సిద్ధాంతం కాదు. మా వైపు సగం మంది రోగులు పాటించేదే. ఊళ్ళో సూది మందు ఆయన కూడా ఒకసారి అమ్మ మీద అలాగే అరిచాడు. అందుకే అమ్మ వెంటనే ఒప్పుకుంది. కంటి మీది ఆస్పత్రి కట్టు తీసేసి పాత గుడ్డ కట్టింది. వక్కపొడి డబ్బా గుడ్డల సంచి అడుగుకు చేరింది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంది. నా నోరు తెరిపించింది, గుండె విన్నది, నా మొహం దగ్గర ఆగింది.

"ఇదేంటమ్మా, ఈ ఎరుపు?"

"సర్పి లేచిందమ్మా. జాజు పూశాం," అంది అమ్మ.

"బిళ్ళలేమైనా వాడారా? ఇంజెక్షన్లు?"

"అబ్బెబ్బే, మాకు ఇంగ్లీషు మందులు పడవమ్మా," అంది అత్త.

"కంటికి ఈ గుడ్డ?"

"ఎండ తగలకుండా."

డాక్టరమ్మకు నమ్మకం కుదిరినట్టు లేదు. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఈ పది రోజుల్లో ఏ మందులు మింగావు?"

దుప్పటి కింద అమ్మ నా కాలి బొటనవేలు గట్టిగా నొక్కింది. నేను ఎర్రటి మొహంతో నవ్వి, "మా పెయింటర్లకు రోగమొచ్చినా రంగేనండీ మందు," అన్నాను. ఆమె కూడా కొంచెం నవ్వి రాసుకుని వెళ్ళింది. ఆ మాట నాకు అప్పుడు చాలా తెలివిగా అనిపించింది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంత ఖరీదైనది ఇంకోటి లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ప్లేట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున సెలైన్ తీసేసి, నర్సు "ఇక మామూలుగా నీళ్ళు తాగొచ్చు" అని చెప్పి వెళ్ళింది. ఆమె తలుపు దాటేదాకా ఆగి అత్త చెంబు తీసి మంచం కింద పెట్టింది.

"పచ్చి గాయం వదినా. నీళ్ళు తాగితే చీము పట్టిద్ది. మా చిన్నోడికి కాలు కోసినప్పుడు మూడు దినాలు చెంచాతోనే పోశా."

"గుంటూరు డాక్టరు కడివెడు తాగమన్నాడు గదా," అంది అమ్మ భయంభయంగా.

"అది కొయ్యక ముందు మాట."

అలా గుంటూరు డాక్టరు చెప్పిన రెండు మాటల్లో ఒకటి కొట్టివేశారు, ఒకటి ఉంచారు. బిళ్ళలు మాత్రం పూట తప్పలేదు. నర్సు అటు తిరగ్గానే నాలుగు బిళ్ళలు, రెండు చెంచాల నీళ్ళు. మే నెల మొదటి వారం, పైన రేకుల కప్పు, తిరగని ఫ్యాను. నాలుక అంగిలికి అతుక్కుపోతుంటే అడిగాను.

"అత్తా, గుక్కెడు నీళ్ళియ్యి. నీ కాళ్ళు మొక్కుతా."

"ఓర్చుకోరా. మగ పుటక పుట్టావు."

"మగోళ్ళు నీళ్ళు తాగరా?"

"నోరు ముయ్యి, తడారిపోద్ది."

నొప్పికి ఆరు గంటలకోసారి పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు. మొదటిది పడగానే నొప్పి పోయి, అత్త మీద ప్రేమ కలిగింది. అంత బలమైన మందు అది. రెండో రోజుకు ఎడమ చేతి వేళ్ళు వాటంతట అవే ఎగరసాగాయి. సాయంత్రానికి భుజాలు కూడా. గోడ మీద తడి మరకలు అక్షరాలై పాకుతున్నాయి. ఫ్యానుకు నంబరు ప్లేటు ఉంది, అది కూడా కర్ణాటక రిజిస్ట్రేషన్. ఈ సంగతి నర్సుకు చెబితే, "ఎప్పుడూ ఇట్టాగే మాట్లాడతాడా?" అని అమ్మను అడిగింది. "ఎప్పుడూ ఇంతే," అంది అమ్మ. పాపం, అబద్ధం కాదు. ఊరికే జోకులు వేసే మనిషి నిజంగా మతి తప్పినా ఎవరికీ తెలియదని నాకు అప్పుడే అర్థమైంది.

మూడో రోజు మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. నాకు గుర్తు లేదు. ఒళ్ళంతా కొయ్యబారి, కట్టు కట్టిన చెయ్యి మంచం ఇనుప పట్టీకి మూడు నాలుగు సార్లు బలంగా కొట్టుకుందట. స్పృహ వచ్చేసరికి నాలుక కొరుక్కుని ఉంది. చుట్టూ జనం. అత్త గొంతు అన్నిటి పైన.

"గాలి సోకింది వదినా! ఆ ఆపరేషన్ గదిలో ఎంత మంది పోయుంటారో! కారు మాట్లాడి వచ్చా, పోదాం. తాయెత్తు కట్టే ఆయన దగ్గరికి పొద్దుగూకే లోపల చేరాల."

"తీసుకెళ్తే మీ ఇష్టం, కాగితం మీద సంతకం పెట్టండి. కాని ఆ చెయ్యి, ఈ స్థితిలో... చేతికే కాదు, మనిషికే నేను గ్యారంటీ ఇవ్వలేను," అన్నాడు ఎముకల డాక్టరు.

మత్తు డాక్టరమ్మ నా కనురెప్ప ఎత్తి చూస్తోంది. "మూత్రం ఎంత పోశాడు?" అని నర్సును అడిగింది.

"నిన్నటి నుంచి ఒక్కసారే మేడమ్. కొంచెమే."

"ఎందుకు? నీళ్ళు తాగట్లేదా?" అత్త మంచం కింది చెంబును కాలితో ఇంకా లోపలికి తోసింది, డాక్టరమ్మ అది చూసింది. అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఇంకోసారి అడుగుతున్నా. నేను ఇచ్చినవి కాక ఈ పిల్లాడి ఒంట్లో ఇంకేమైనా ఉందా?"

అమ్మ చెయ్యి మళ్ళీ దుప్పటి కిందికి వచ్చింది. బొటనవేలు దొరికింది. ఈసారి నొక్కలేదు, పట్టుకుని ఊరుకుంది. ఏడుస్తోంది. కాలు వెనక్కి లాక్కున్నాను.

"సంచి అడుగున వక్కపొడి డబ్బా ఉంది మేడమ్. అందులో వక్కపొడి లేదు."

అత్త "ఒరేయ్!" అంది. నేను కారు ఎక్కనని చెప్పాను. గాలి సోకితే గాలే దిగిపోతుంది, నా చెయ్యి మాత్రం ఇక్కడే బాగుపడాలన్నాను. అంత పొడుగు వాక్యం ఎలా వచ్చిందో తెలియదు, మధ్యలో దవడ రెండు సార్లు ఎగిరింది.

డాక్టరమ్మ డబ్బా మూత తీసింది. తెల్లటి బిళ్ళలు. "ఏ మందు ఇది?"

"కంటి మందమ్మా," అంది అమ్మ. చీటీ ఇంట్లో ఉంది. పేరు ఎవరికీ నోరు తిరగదు. నాకు డాక్టరు పలికింది గుర్తు లేదు. కాని ఒలిచేటప్పుడు ఆ రేకును చూశాను. నేను అక్షరాలు రాసి బతికేవాణ్ణి, ఒకసారి చూసిన బోర్డు మరచిపోను. సుబ్బమ్మ పెద్దమ్మ ఇచ్చిన జాజును అమ్మ వెంట తెచ్చింది, గిన్నె కిటికీలో ఉంది. ఇవ్వమన్నాను. ఎడమ చేతి వేలు ముంచి మంచం పక్క సున్నం గోడ మీద రాశాను. ఏ. సి. వై. మళ్ళీ సి. వేలు ఎగిరి ఎల్ అక్షరం పక్కకు పడుకుంది. ఆరో అక్షరం గీయబోతుండగా ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"చాలు. ఎసైక్లోవిర్." ఆమె మొహంలో రంగు మారింది. "ఇది వేసుకుంటూ మూడు రోజులు నీళ్ళు లేకుండా! పెథిడిన్ ఆపండి. ఒక్క డోసు కూడా వద్దు. సెలైన్ పెట్టండి, బ్లడ్ యూరియా, క్రియాటినిన్ పంపండి."

రిపోర్టులో రెండూ ఎక్కువగానే వచ్చాయి. రెండు రోజుల తర్వాత నా బుర్ర నా దగ్గరికి వచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పింది. నేను డాక్టర్ని కాను, నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఎసైక్లోవిర్ పని అయ్యాక కిడ్నీల గుండానే బయటికి పోవాలి. నీళ్ళు చాలకపోతే అక్కడే పేరుకుని దారి మూస్తుంది. పెథిడిన్ నొప్పి తగ్గించాక ఒంట్లో ఒక పదార్థం మిగులుతుంది, అది పోవాల్సిందీ ఆ దారినే. పోలేక నిలిచిపోతే నరాలను ఎగరేస్తుంది, ఫిట్స్ తెస్తుంది.

"అంటే ఒంటిదారి వంతెన మీద లారీ అడ్డం పడితే, వెనక లారీలో డ్రైవరుకు పిచ్చెక్కింది," అన్నాను.

"దాదాపు అంతే. కాని ఈ మందు కొత్తది. రెండూ కలిస్తే ఏమవుతుందో నా పుస్తకాల్లో కూడా సరిగా లేదు. నువ్వు ముందే చెప్పి ఉంటే నేను గుంటూరుకు ఫోన్ చేసేదాన్ని, పెథిడిన్ మార్చేదాన్ని, నీళ్ళు లెక్కపెట్టి తాగించేదాన్ని." ఆగి, "రంగే మందు అన్నావు కదా," అంది.

ఆమెకు చూపించడానికి నాకు ముఖం లేదు. ఉన్న ముఖం కూడా సగం ఎర్రగా ఉంది.

గుంటూరు కంటి డాక్టరుతో ఆమె ట్రంక్ కాల్‌లో మాట్లాడింది. కొన్నాళ్ళు ఆపి, కిడ్నీలు కుదుటపడ్డాక తక్కువ మోతాదులో మిగతా రోజుల బిళ్ళలు వేశారు. కన్ను దక్కింది. చెయ్యి కథ మిగిలింది. కొత్త ఎక్స్‌రేలో ఒక ప్లేటు స్క్రూలు ఊడి వచ్చి ఉన్నాయి, ఎముక పక్కకు జరిగింది.

"మళ్ళీ ఆపరేషన్ అంటే మళ్ళీ మత్తు," అన్నాడు ఎముకల డాక్టరు. "ఇలాగే కట్టేద్దాం. కొంచెం వంకరగా అతుక్కుంటుంది. అన్నం తినొచ్చు."

"చాలయ్యా, అదే చాలు," అని అత్త, అమ్మ ఒకేసారి చేతులు జోడించారు.

"అన్నం ఎడం చేత్తో కూడా తినొచ్చండీ," అన్నాను. "ఈ చెయ్యి అందుకు కాదు."

"ఏం కూశావురా? చావు తప్పి బయటపడ్డావు, మళ్ళా ఆ బల్ల ఎక్కుతావా?" అంది అత్త.

"ఎక్కుతా. ఈసారి నువ్వు బయట కూచో. చెంబు లోపలికి పంపు."

అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "ఆ డాక్టరమ్మ మత్తు ఇస్తానంటే సరే," అంది. డాక్టరమ్మ ఇస్తానంది. ఎసైక్లోవిర్ అయిపోయి, యూరియా, క్రియాటినిన్ రెండూ మామూలుకు వచ్చేదాకా ఆగాలంది. మూడు వారాలు ఆగాను.

ఆ మూడు వారాల్లో ఎడమ చేత్తో ఒక రేకు ముక్క మీద బోర్డు రాశాను. "ఈ మనిషికి పెథిడిన్ వద్దు. ఎసైక్లోవిర్ వాడినాడు. నీళ్ళు ఆపరాదు." పసుపు మీద నలుపు, లారీ పద్ధతిలో. అక్షరాలు తాగి నడిచినట్టు వచ్చాయి. అలవాటు కొద్దీ కింద "ఓకే టాటా" అని కూడా రాశాను. మంచానికి వేలాడదీస్తే నర్సు ఆ చివరి మాట మాత్రం చెరిపించింది. హాస్పిటల్లో అది శుభం కాదట. ఒక వార్డుబాయి బోర్డు తీసి మూల పడేశాడు. మళ్ళీ తగిలించాను. మళ్ళీ తీశాడు. మూడోసారి డాక్టరమ్మ చూసి, "నీకు జన్మంతా పెథిడిన్ పడదని నేననలేదు, ఆ రోజు, ఆ స్థితిలో పడలేదు. అయినా ఉండనివ్వండి," అంది. తర్వాత ఎవరూ తియ్యలేదు.

రెండోసారి మనిషికి మత్తు ఇవ్వలేదు. డాక్టరమ్మ మెడ పక్కన ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి ఒక్కదాన్నే మొద్దుబార్చింది. దాన్ని బ్లాక్ అంటారట. తెర అవతల నా ఎముకకు మర బిగిస్తున్న చప్పుడు వింటూ, "కొంచెం టైట్ చెయ్యండి సార్, రోడ్లు బాగాలేవు," అన్నాను. నొప్పికి ఈసారి వేరే ఇంజెక్షన్, అదీ తక్కువ సార్లు. నర్సు దగ్గరుండి చూస్తుంటే అమ్మ నాకు నీళ్ళు తాగించింది. గ్లాసు గ్లాసుకూ అత్త కళ్ళు మూసుకుంది. చీము పట్టలేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. ఎడమ కంట్లో చిన్న మచ్చ మిగిలింది, దీపం చుట్టూ పొగలాగా కనిపిస్తుంది. నుదుటి మీద చలికాలంలో ఇంకా జివ్వుమంటుంది. కుడి చెయ్యి పూర్తిగా తిరగదు, అందుకని నేను కొంచెం పక్కకు ఒరిగి రాస్తాను. అక్షరాలూ కొంచెం ఒరుగుతాయి. కొత్త స్టైలని ఇద్దరు డ్రైవర్లు అలాగే కావాలన్నారు. నేను కాదనలేదు. డేగ మాత్రం ఇప్పటికీ చిలకలాగే ఉంది, దానికి ఆపరేషన్ లేదు.

పోయిన నెల మా అత్తకు పిత్తాశయంలో రాళ్ళని అదే నరసరావుపేటలో ఆపరేషన్ పెట్టారు. అదే డాక్టరమ్మ వచ్చి అడిగింది. "బీబమ్మగారూ, మందులేమైనా వాడుతున్నారా?"

"నేనా? అబ్బెబ్బే, ఏమీ లేదమ్మా."

అమ్మ సంచిలోంచి వక్కపొడి డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. బీపీ బిళ్ళలు, కీళ్ళ నొప్పుల బిళ్ళలు, కాగితం పొట్లంలో నల్లటి పొడి, నిద్రకు ఎవరో ఇచ్చిన పచ్చ బిళ్ళలు, ఇంకా రెండు తెల్లవి.

ఆ రెంటినీ నేను గుర్తుపట్టాను. "అత్తా, ఇవి నావి కదా?"

"మంచి మందు అన్నారు గదరా. మిగిలినవి పారేస్తామా? నడుం నొప్పికి అప్పుడప్పుడూ వేసుకున్నా."

డాక్టరమ్మ ఒక్కొక్కటి పక్కకు పెట్టి పేర్లు అడిగి రాసుకుంది. అరగంట పట్టింది. అరవలేదు, తరమలేదు, ఇంకో డాక్టరు దగ్గరికి పొమ్మనలేదు. ఆపరేషన్ వారం వాయిదా వేసింది, అంతే. అదీ అయిపోయి అత్త ఇప్పుడు ఇంట్లో పథ్యం తింటూ, నీళ్ళు తాగుతూ, నన్ను తిడుతోంది.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మత్తు ఇచ్చే డాక్టరు అడిగినప్పుడు మీరు మింగినవి, పూసుకున్నవి, సిగ్గుపడి దాచినవి అన్నీ బల్ల మీద పోయండి. బిళ్ళలను రేకుల్లోంచి ఒలవకండి, పేరు రేకు మీదే ఉంటుంది. పక్కన ఎవరైనా మీ కాలి బొటనవేలు నొక్కితే, కాలు వెనక్కి లాక్కుని చెప్పండి.